ఆర్భాటం ఒక ఇంటిది, అప్పు పది ఇళ్లది

వేసవి సెలవులు ఇచ్చారంటే మా గోదావరి జిల్లాల్లో ఫంక్షన్ హాళ్లకు తీరిక ఉండదు. పెళ్లిళ్లకు తోడు ఓణీల ఫంక్షన్లు, పంచెల ఫంక్షన్లు, గృహప్రవేశాలు. సెంటర్లో కొత్త ఫ్లెక్సీ లేచిందంటే ఆ చుట్టుపక్కల ఏదో ఇంట్లో శుభకార్యం ఉన్నట్టే. పట్టు ఓణీ వేసుకున్న పిల్ల నిలువెత్తు ఫ్లెక్సీలో నవ్వుతూ ఉంటుంది. చుట్టూ తాతయ్యల దగ్గర్నుంచి పెదనాన్న గారి మనవల దాకా అందరి ఫొటోలూ గుండ్రంగా పేర్చి ఉంటాయి. హాల్లోకి వెళ్తే గుమ్మం నుంచి వేదిక దాకా పూల అలంకరణ, ఒక పక్క ఎల్ఈడీ తెర, నెత్తి మీద తిరిగే డ్రోన్ కెమెరా, విస్తరిలో ఖాళీ లేకుండా వంటకాలు, వెళ్లేటప్పుడు చేతికి ఒక రిటర్న్ గిఫ్టు.

వేడుక మీద నాకు కోపం లేదు. పిల్ల ఎదిగిందని అయినవాళ్లను పిలిచి అక్షింతలు వేయించుకోవడంలో ఉన్న సంతోషం నిజమైనదే. పండగలు, పబ్బాలు లేకుండా బతుకు సాగదు. నా బాధంతా ఆ సంతోషానికి ఇప్పుడు పలుకుతున్న ధర గురించి, ఆ ధర ఎవరు కడుతున్నారన్న దాని గురించి.

మా వీధి చివర జాకెట్లు కుట్టే ఒకావిడ ఉంది. భర్త ఆటో నడుపుతాడు. ఇద్దరూ కష్టపడి బతికేవాళ్లే. కూతురి ఓణీల ఫంక్షన్‌కి పిలవడానికి వచ్చి, నాకు బొట్టు పెట్టి, కార్డు చేతిలో పెట్టింది. కార్డు పెళ్లి శుభలేఖకు తీసిపోదు. అందులో హాలు పేరు చూసి, "ఇంటి ముందు పందిరి వేసుకుంటే సరిపోయేది కదమ్మా" అన్నాను.

"మా తోటికోడలు వాళ్లు మొన్న వాళ్ల పాపకి ఆ హాల్లోనే చేశారు పిన్నిగారూ. మేం ఇంటి దగ్గర కానిచ్చేస్తే రేపు చుట్టాల్లో మా పిల్ల చిన్నబోదా?" అంది.

ఫంక్షన్ రోజు వేదిక మీద ఆవిడ మెడలో కాసులపేరు, హారం ధగధగ మెరిసిపోతున్నాయి. అక్షింతలు వేయడానికి పైకి వెళ్లాను. ఆవిడ కూతురి పూలజడ సవరించడానికి వంగినప్పుడు మెడ వెనక కొక్కెం కనిపించింది. అక్కడ పూత లేచిపోయి లోపలి ఇత్తడి బయటపడింది. అది వన్ గ్రామ్ గోల్డ్ సెట్టు. దాని కింద సూత్రాలు పసుపు తాడుకు ఉన్నాయి. నానుతాడు, గాజులు తాకట్టులో ఉన్నాయనీ, అవి చాలక ప్రోనోటు మీద కూడా డబ్బు తెచ్చారనీ తర్వాత ఆవిడే చెప్పింది. కూతురిని నిండుగా చూపించడానికి తల్లి తన ఒంటి మీది బంగారం ఊడ్చి ఇచ్చింది.

ఆవిడను తప్పు పట్టడానికి నాకు మనసొప్పలేదు. ఆ హాలు ఆవిడ కోరిక కాదు. తోటికోడలు చేసింది కాబట్టి ఈవిడ చేసింది. ఆ తోటికోడలు వాళ్ల అన్నయ్య ఇంట్లో చూసి చేసి ఉంటుంది. ఆ అన్నయ్య ఊళ్లో రైసు మిల్లు వాళ్లను చూసి ఉంటాడు. మిల్లు వాళ్లు, అమెరికా నుంచి వచ్చి సొంతూళ్లో కొడుకు పెళ్లి చేసిన బంధువుల్ని చూసి ఉంటారు. డాలర్లలో జీతం తీసుకునే ఇంటికి ఆ ఖర్చు పెద్ద లెక్కలోది కాదు. మిల్లు వాళ్లకు కాస్త బరువు. ఆటో నడిపే ఇంటికి వచ్చేసరికి అది తాకట్టు అవుతుంది. పైవాడు సరదాగా వేసిన గీత మెట్టు మెట్టూ దిగి వచ్చి కింద ఇంటికి మర్యాద అయి కూర్చుంటుంది. స్తోమతకు మించి ఖర్చు పెట్టడాన్ని ఒక మనిషి దుబారాగా చూసినంత కాలం ఈ సంగతి మనకు అర్థం కాదు.

ఆ మర్యాద ఖరీదు ఎంతో ఒకసారి లెక్క చూద్దాం. మా వైపు నమ్మకస్తులకు నూటికి రెండు రూపాయల వడ్డీకి అప్పు పుడుతుంది. వినడానికి రెండు రూపాయలే. ఏడాదికి అది 24 శాతం. 5 లక్షలు తెస్తే నెలకు 10,000 వడ్డీ. అసలు రూపాయి కూడా తీరకుండా నాలుగేళ్ల రెండు నెలల్లో కట్టిన వడ్డీయే ఇంకో 5 లక్షలు అవుతుంది. నెలనెలా కట్టగలిగితే ఇదీ లెక్క. కట్టలేకపోతే ఇంకో దారి ఉంది. ప్రోనోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది. అందుకని గడువు ముంచుకొచ్చేసరికి అప్పిచ్చినాయన కబురు పెట్టి నోటు తిరగరాయిస్తాడు. అప్పటిదాకా పెరిగిన 3 లక్షల 60 వేల వడ్డీ అసలులో కలిసిపోయి 8 లక్షల 60 వేలకు కొత్త నోటు తయారవుతుంది. ఇక నెల వడ్డీ 17,200. మరో మూడేళ్లు అలాగే గడిస్తే, రెండోసారి తిరగరాసేనాటికి బాకీ 14 లక్షల 79 వేలు దాటుతుంది. ఓణీ వేసుకున్న పిల్ల ఆ ఆరేళ్లలో ఇంటర్ దాటి డిగ్రీలోకి వస్తుంది. కాలేజీ ఫీజు కట్టాల్సిన వేళకు ఇంట్లో మిగిలి ఉండేది ఆనాటి ఆల్బమ్, ఈనాటి నోటు. పిల్ల పేరు మీద చేసిన అప్పు చివరికి పిల్ల చదువు మీదే పడుతుంది.

పట్నంలో ఉద్యోగాలు చేసుకునే పిల్లలకు ప్రోనోటు తెలియదు, క్రెడిట్ కార్డు తెలుసు. నెలకు మూడున్నర శాతం వడ్డీ పడే కార్డు మీద లక్ష రూపాయల బాకీ ఉందనుకోండి. కనీస మొత్తం అని చూపించిన 5,000 కట్టి ఊపిరి పీల్చుకుంటారు. అందులో 3,500 వడ్డీకి, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కింద 630 పోతాయి. అసలులో తగ్గేది 870 రూపాయలు. కార్డు వడ్డీ ఏడాదికి 30 శాతం దాటకూడదని జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో చెప్పింది. సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో ఆ తీర్పును కొట్టేసింది. కాబట్టి ఆ పరిమితి మనల్ని కాపాడుతుందన్న ఆశ ఇప్పుడు లేదు.

అప్పు చేసి పప్పు కూడు తినొద్దని మన పెద్దలు ఎప్పుడో చెప్పారు. ఆ సామెతనే పేరుగా పెట్టి 1959లో ఎల్.వి.ప్రసాద్ దర్శకత్వంలో విజయా వారు సినిమా తీస్తే, అప్పుల మీద దర్జా వెలగబెట్టే పెద్దమనిషిని చూసి తెలుగువాళ్లంతా హాయిగా నవ్వుకున్నారు. ఆ రోజుల్లో అప్పు అడగాలంటే ఒక గుమ్మం ఎక్కాలి, ఒక మనిషి ముందు నిలబడాలి. ఆ మొహమాటమే సగం అప్పుల్ని ఆపేది. ఇప్పుడు గుమ్మం లేదు, ఫోనుంది. 2020 చివరిలో లోన్ యాప్‌ల వేధింపులు తట్టుకోలేక మనుషులు ప్రాణాలు తీసుకుంటే, హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కేసులు పెట్టి అరెస్టులు చేశారు. ఆ యాప్‌లు చేసిన పని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. అప్పు తీసుకున్నవాళ్ల ఫోనులోని నంబర్లన్నీ లాగి, బావమరిదికీ వియ్యాలవారికీ తోటి ఉద్యోగులకూ ఫోన్లు చేసి బూతులు తిట్టాయి. చుట్టాల్లో పరువు కోసం చేసిన అప్పు, ఆ చుట్టాల ముందే మనిషిని నిలువునా తీసేసింది. 2022లో రిజర్వ్ బ్యాంకు డిజిటల్ అప్పులకు నిబంధనలు పెట్టింది. నిబంధనలు వేధింపును ఆపగలవు కానీ, ఆ అప్పు దాకా మనిషిని నెట్టిన ఆర్భాటాన్ని ఆపలేవు.

ఇంత కష్టం వస్తుందని తెలిసిన సమాజమే ఒకప్పుడు దానికి మందు కూడా తయారు చేసుకుంది. అదే చదివింపులు. ఇప్పటికీ మా ఊళ్లలో భోజనాలకు వెళ్లే దారిలో ఒక బల్ల వేసి ఉంటుంది. బల్ల మీద పసుపు అద్దిన పుస్తకం. ఒకరు డబ్బు లెక్కపెట్టి పెట్టెలో వేస్తుంటే పక్కనున్నాయన ఊరు, ఇంటి పేరు, మనిషి పేరు, ఎంత చదివించారో రాస్తుంటాడు. పాత పుస్తకాల్లో నూట పదహార్ల పక్కన రెండు కుంచాల బియ్యం, బస్తా కందిపప్పు కూడా కనిపిస్తాయి. వడ్డీ లేదు, నోటు లేదు, గడువు లేదు. వాళ్లింట్లో శుభకార్యం అయినప్పుడు పుస్తకం తీసి చూసి, దానికి కాస్త కలిపి మనం చదివిస్తాం. ఒక ఇంటి మీద పడే బరువును వంద ఇళ్లు పంచుకునే ఏర్పాటు అది. పందిరి, అరటి బోదెలు, పప్పు, పులిహోర, గారెలతో అయిపోయే శుభకార్యాన్ని ఆ పుస్తకం సులువుగా మోసేది.

హాలు, డ్రోను, రిటర్న్ గిఫ్టు వచ్చాక ఆ పుస్తకం చాలడం మానేసింది. చాలనంత మేరా వడ్డీ వ్యాపారి వచ్చి చేరాడు. పైగా వెళ్లేవాళ్లకూ బరువు పెరిగింది. అంత పెద్ద హాల్లో ఐదు వందలు చదివించడానికి చేయి రాదు. ముహూర్తాల కాలంలో వరసగా పిలుపులు వస్తే, నెల జీతంతో బతికేవాళ్లు చదివింపులకే చేబదులు తీసుకుంటున్నారు. అప్పు చేసి పిలిచిన ఇంటికి మనం అప్పు చేసి వెళ్తున్నాం.

"లోకం తీరు ఇది, మనం మారిస్తే మారుతుందా?" అంటారు చాలామంది. మారుతుంది. మన నేల మీదే మారింది. 19వ శతాబ్దం చివర కోస్తాలో గొప్పింటి పెళ్లంటే భోగం మేళం ఉండి తీరాలి. మేళం పెట్టకపోతే మగపెళ్లివారు చిన్నతనంగా భావించేవారు. కందుకూరి వీరేశలింగం 1874లో మొదలుపెట్టిన వివేకవర్ధనిలో ఆ ఆచారాన్ని ఎండగట్టారు. రఘుపతి వెంకటరత్నం నాయుడు దాన్ని ఉద్యమంగా నడిపారు. ఆ మేళాల్లో ఆడి పాడే కళావంతుల జీవితాలను ఆ ఉద్యమం ఎంత కుదిపిందన్నది వేరుగా, గౌరవంగా మాట్లాడుకోవాల్సిన పెద్ద విషయం. నేను చెప్పేది ఒక్క సంగతి. మేళం లేకపోతే పరువు పోతుందన్న ఊళ్లలోనే, మేళం పెట్టడం పరువు తక్కువ అనే రోజు వచ్చింది. త్రిపురనేని రామస్వామి చౌదరి తెలుగు మాటల్లో "వివాహ విధి" రాస్తే ఆ పద్ధతిలో పెళ్లిళ్లు జరిగాయి. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో కమ్యూనిస్టు కుటుంబాలు దండల పెళ్లిళ్లు చేసుకున్నాయి. అయిదు రోజుల పెళ్లి ఒక పూటకు తగ్గింది. తగ్గినందుకు ఏ వంశం గౌరవమూ పోలేదు.

మన కళ్ల ముందు జరిగింది కూడా ఒకటుంది. 2020లో కరోనా లాక్‌డౌన్‌లో పెళ్లికి 50 మందికి మించకూడదని కేంద్రం ఆంక్ష పెట్టింది. ఇంటి వసారాల్లో, గుడి మండపాల్లో పెళ్లిళ్లు అయ్యాయి. ఆ దంపతులు చక్కగా కాపురాలు చేసుకుంటున్నారు. అయినా ఆంక్ష ఎత్తేయగానే ఆర్భాటం రెట్టింపై తిరిగి వచ్చింది. ప్రభుత్వం చెబితే తగ్గిన ఖర్చు ప్రభుత్వం వదిలేయగానే పెరిగింది. పెద్దల మనసు మారుతూ వచ్చాక పోయిన మేళం మాత్రం మళ్లీ రాలేదు. తేడా అక్కడే ఉంది.

అందుకే నా మాట ముందుగా ఉన్నవాళ్లకు. మీ డబ్బు మీదే, మీరు కష్టపడి సంపాదించినదే. దాన్ని ఎలా ఖర్చు పెట్టాలో చెప్పే హక్కు ఎవరికీ లేదు. కానీ మీ ఇంటి శుభకార్యం మీ ఇంటితో ఆగదు. మీ హాలును చూసి మీ దగ్గర పనిచేసే గుమాస్తా, మీ కారు నడిపే డ్రైవరు తమ పిల్లల వేడుకకు కొలత తీసుకుంటారు. మీరు ఇంటి ముందు పందిరి వేసి, అరిటాకులో పది రకాలు వడ్డించి, రిటర్న్ గిఫ్టు మానేస్తే ఎవరూ మిమ్మల్ని లేనివాళ్లు అనరు. మీరు ఆ పని చేసిన మర్నాటి నుంచి ఆటో నడిపే ఇంటికి ధైర్యం వస్తుంది. "ఫలానా వాళ్లే అలా చేశారు, మనకేం?" అనే ఒక్క మాట ఆ ఇంట్లో బంగారాన్ని బీరువాలో ఉంచుతుంది. లక్షలు దానం చేసినా రాని పుణ్యం అది.

ఇక వెళ్లేవాళ్లం మనం. నిరాడంబరంగా చేసిన ఇంటికి వెళ్లి భోంచేసి వస్తూ "పాపం, ఏమీ చెయ్యలేకపోయారు" అనే మాట మన నోట రాకూడదు. ఆ మాటే పక్కింటి వాళ్లను వడ్డీ వ్యాపారి గుమ్మానికి పంపుతుంది. "ఎంత హాయిగా చేశారమ్మా" అని పదిమంది వినేలా మెచ్చుకోండి.

చేసేవాళ్లకు ఒక్కటే కొలత చాలు. చదివింపుల పుస్తకం మూసి, వంటవాళ్లకూ షామియానా వాళ్లకూ లెక్క చెల్లించాక ఎవరి దగ్గరా నోటు మిగలకూడదు. అంతలో పట్టేంత వేడుకే మన వేడుక. హాలుకు పోసే డబ్బులో సగం పిల్ల పేరున బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ వేసి, ఆ సంగతి పిల్లకే చెప్పండి. తన చదువుకు తల్లిదండ్రులు ముందే దారి వేశారని తెలిసిన పిల్ల ఏ చుట్టాల ముందూ చిన్నబోదు. వచ్చే ముహూర్తాల్లో ప్రతి వీధిలో ఒక్క ఇల్లు ఇలా చేసినా చాలు, రెండో ఇంటికి దారి దొరుకుతుంది.