మహాలయ పక్షంలో

సెప్టెంబర్ 26

గర్భసంచి పొర 6.4 మిల్లీమీటర్లు. ఏడు దాటాలి. మాత్రలు పెంచారు.
వెయిటింగ్ హాల్లోకి కూడా డైమండ్ హార్బర్ రోడ్డు హారన్లే. పక్కన బురఖా ఆవిడ, "ఆప్‌కా కిత్నా?" అంది. చెప్పాను. ఆవిడది 8.1. కుళ్లుకున్నాను. ఛీ.

సెప్టెంబర్ 28

విజయనగరం నుంచి అమ్మ ఫోను. ఎల్లుండి నుంచి మహాలయ పక్షం, అమావాస్య దాటేదాకా ఏ మంచి పనీ తలపెట్టొద్దు. ఎంబ్రియో పెట్టించుకోవడం మంచి పనా, వైద్యమా? మా ఆయన్నడిగితే గార్డెన్ రీచ్ నుంచి మోసుకొచ్చిన ఫైల్లోంచి తలెత్తలేదు.

సెప్టెంబర్ 30

7.8. మూడు గీతలూ తేటగా ఉన్నాయట.
"అమావాస్య దాకా ఆగొచ్చా?" అనేశాను. డాక్టరమ్మ నవ్వలేదు. ఈస్ట్రోజెన్ ఇంకొన్నాళ్లు సాగదీయొచ్చు. ప్రొజెస్టెరాన్ మొదలెట్టాక మాత్రం ఆపేది లేదు. ఎంబ్రియో వయసు ఐదు రోజులు, పొరకీ ప్రొజెస్టెరాన్ ఐదు రోజులు పట్టాలి. ఆరో రోజు లోపల పెట్టాలి. ఎక్కువ తేడా వస్తే పట్టుకోదు.
రేపే మొదలెట్టమన్నాను. నేనే.

అక్టోబర్ 3

టెస్ట్‌ట్యూబ్ బేబీ దుర్గ పుట్టినరోజు. 1978, ఈ కలకత్తాలోనే. డాక్టర్ సుభాష్ ముఖోపాధ్యాయ్ ఆ ఎంబ్రియోని 53 రోజులు గడ్డకట్టించి దాచాడు. అండాల కోసం మందులిచ్చిన నెలలో గర్భసంచి దారికి రాదని, ఆ నెల వదిలేసి ఇంకో నెలలో పెట్టాడు. నాకు చేస్తున్నదీ అదే కదా.
ప్రభుత్వం వేసిన కమిటీ నమ్మలేదు. కళ్ల ఆసుపత్రికి బదిలీ. 1981 జూన్ 19న ప్రాణం తీసుకున్నాడు. మెల్‌బోర్న్‌ వాళ్లు గడ్డకట్టించిన ఎంబ్రియోతో గర్భం నిలిచిందని చెప్పింది 1983లో. వాళ్లని నమ్మారు.
ఆయన పంచాంగం చూసుంటాడా?

అక్టోబర్ 6

నీళ్లు తాగించి తాగించి పడుకోబెట్టారు. బిగబట్టుకున్నాను. మైనస్ 196 డిగ్రీల్లోంచి పొద్దున తీశారట, బతికే ఉందట. పేరు మళ్లీ మళ్లీ అడిగారు. తెర మీద తెల్లటి చుక్క. ఒక్కటే.
అమ్మకి చెప్పలేదు.

అక్టోబర్ 11

రొమ్ములు సలుపు. ప్రొజెస్టెరాన్‌ వల్లా ఇంతే, గర్భం వల్లా ఇంతే. మరి దేన్ని నమ్మను? సూది పొడిచిన చోటల్లా గడ్డలు. ఖిదిర్‌పూర్ బజారులో బొప్పాయిల బండి చూసి అటు తిరిగి నడిచాను. ఎమ్మెస్సీ చదివినదాన్ని.

అక్టోబర్ 14

అమావాస్య. తెల్లారకముందే ఎవరింట్లోనో రేడియోలో చండీపాఠం, బీరేంద్రకృష్ణ భద్ర గొంతు. మామగారికి తర్పణం వదలడానికి మా ఆయన బాబూఘాట్ వెళ్లారు. అక్కడ ఏం కోరుకున్నారో అడగలేదు.
అమ్మ: "గండం గడిచింది. ఇప్పుడు డాక్టర్నడుగు, ఎప్పుడు పెడతారో."
సరేనన్నాను.

అక్టోబర్ 16

గర్భం పరీక్ష: బీటా 118. బుధవారం మళ్లీ రక్తం ఇవ్వాలి, పెరగాలి. ఎంత పెరగాలో తెలుసు, ఇక్కడ రాయను. ఆయన కాగితం రెండుసార్లు చదివి జేబులో పెట్టేసుకున్నారు. నాకివ్వలేదు.
వాట్సాప్‌లో అమ్మ: కార్తీకంలో మొదటి సోమవారం దివ్యంగా ఉందట, సిద్ధాంతిగారు చెప్పారట.