ఏడ్చే చోటు

నవలకి వయసు రాదంటారు. నిజమే కావచ్చు. చదివేవాళ్ళకి వస్తుందిగా! దాంతోపాటు ఏడ్చే చోటు కూడా మారిపోతుంది.

‘దేవదాసు’నే తీసుకోండి. శరత్‌బాబు నవల 1917లో అచ్చయింది. 1953లో వేదాంతం రాఘవయ్యగారి సినిమా వచ్చాక, నవల చదవనివాళ్ళకి కూడా దేవదాసు ఇంటి మనిషైపోయాడు. ఆ సినిమా చూసొచ్చి మా అమ్మమ్మ రెండ్రోజులు అన్నం ముట్టలేదట. తాతయ్య ఊరెళ్ళినప్పుడైనా అంత బెంగ పెట్టుకుందో లేదో!

నేను ఆ నవల మొదట పదహారేళ్ళప్పుడు చదివాను. పార్వతి అత్తవారింటి ముందు అతని ప్రాణం పోయే ఘట్టానికి వచ్చేసరికి అక్షరాలు అలుక్కుపోయాయి. ఆ అభాగ్యుడి మీద కాస్త జాలి చూపమని శరత్ చివర్లో పాఠకుల్ని అడుగుతాడు. నా విషయంలో ఆయన అడగనే అక్కర్లేకపోయింది.

పెళ్ళయిన కొన్నాళ్ళకి మళ్ళీ చదివాను. ఈసారి చివరిదాకా వెళ్ళనే లేదు. పార్వతి అర్ధరాత్రి ఒంటరిగా దేవదాసు గదికి వెళ్ళే చోటే కళ్ళు చెమర్చాయి. పరువంతా పణంగా పెట్టి ఆ పిల్ల వస్తే, ఆ మహానుభావుడు కలకత్తా పోయి, నీ మీద నాకంత ప్రేమేం లేదని ఉత్తరం రాస్తాడా? పైగా తిరిగొచ్చి, గాలపు కర్రతో నుదుటి మీద కొడతాడా? పదహారేళ్ళ వయసులో ఆ దెబ్బ నాకు ప్రేమ గుర్తులా కనిపించింది. ముప్ఫయ్యేళ్ళకి దెబ్బలాగే కనిపించింది.

ఇప్పుడు నలభైల్లో, ఇదివరకు గబగబా తిప్పేసిన పేజీ ఒకటి నన్ను ఆపేసింది. పార్వతి కాపురానికి వెళ్ళేసరికే ఆ ఇంట్లో తనకంటే పెద్దవాడైన సవతి కొడుకున్నాడు. సవతి కూతురు కోపంగా పుట్టింటికొస్తే, పార్వతి తన నగలన్నీ తెచ్చి ఆ అమ్మాయికి పెడుతుంది. అక్కడ ఎవరూ తాగరు, దగ్గరు, చావరు. ఓ ఇల్లాలు తనకంటూ ఏమీ ఉంచుకోకుండా ఇంటిని నిలబెట్టుకుంటుంది. అంతే! ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

మొన్న పుస్తకం మా అమ్మాయి చేతికిచ్చాను. గంట తిరక్కుండా మూసేసింది. “అమ్మా, పెళ్ళి మాటలప్పటికి ఈ పిల్లకి పదమూడేళ్ళేనా?” అంది. దాని గొంతులో ఏడుపు లేదు, కోపం ఉంది. మా అమ్మమ్మకీ పదమూడో ఏటే పెళ్ళయింది. ఆ రెండ్రోజుల ఉపవాసం ఒక్క దేవదాసు కోసమేనా అని నాకిప్పుడు అనుమానం. అడుగుదామంటే ఆవిడ లేదు.

సెంటిమెంటు నవలని చిన్నచూపు చూసేవాళ్ళని చాలామందిని చూశాను. నేనూ ఆ కోవలోనే రాస్తాను కనుక చెబుతున్నాను. ఏడిపించడం అంత కష్టమేం కాదండీ. ఒక్కో తరాన్ని ఒక్కో పేజీలో ఆపడమే కష్టం. మీ బీరువాలోనూ అలాంటి పుస్తకం ఒకటి ఉండే ఉంటుంది. ఈ మధ్యాహ్నం తీసి చూడండి. ఈసారి కొంగు ఏ పేజీ దగ్గర తడుస్తుందో!