నూనె వేడి

ముప్పై అయిదేళ్ళపాటు సంధులూ సమాసాలూ చెప్పి 2019లో పదవీ విరమణ చేసినవాణ్ణి. అటువంటివాడు ఇంజను నూనె గురించి రాయబూనడం చూసి మీలో కొందరు నవ్వుకుంటారని ఎరుగుదును. నవ్వండి. కానీ ఏడాది కాలంగా నా తలలో యతిప్రాసల కన్నా ఎక్కువగా మెదులుతున్నది 130 డిగ్రీలన్న ఒక్క అంకె.

విరమణ సమయాన చేతికొచ్చిన డబ్బులో కొంత పెట్టి పెట్రోలు స్విఫ్టు కారొకటి కొన్నాను. మా ఆవిడ చివరిసారి శ్రీకాకుళ ఆంధ్ర మహావిష్ణువు దర్శనానికి వెళ్ళింది అందులోనే. ఆమె పోయిన తరువాత ఆ బండి వాకిట్లో దుమ్ము పట్టి ఉండడం చూడలేక, మద్రాసులో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి అడగగానే ఇచ్చేశాను. వాడు దాని ఊపిరి గొట్టమూ, పొగ గొట్టమూ మార్పించి, ఇంజను మెదడులోని లెక్కలు తిరగరాయించి, శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై పందెపు బాటకు తీసుకువెళ్ళాడు. నాకు మాటమాత్రం చెప్పలేదు.

ట్రాక్ డే అంటే పందెం కాదట. రుసుము కట్టి, శిరస్త్రాణం పెట్టుకుని, ఎవరి బండిని వారు ఆ బాట మీద తోలుకోవచ్చు. గెలుపూ లేదు, బహుమతీ లేదు. బాట సుమారు 3.7 కిలోమీటర్ల చుట్టు. అది రాకముందు మద్రాసువారు షోళవరంలో రెండవ ప్రపంచ యుద్ధకాలపు విమానాల పట్టీ మీద పందాలు నడుపుకునేవారు.

ఒకనాడు ఆటోనగర్ నుంచి ఫోను. "మాస్టారూ, మీ కారు మా షెడ్డులో ఉంది. లారీ మీద వచ్చింది. అబ్బాయిగారు మీకు చెప్పలేదా?" యతిస్థానం గుర్తుపట్టలేడని ఒకప్పుడు నేను బెంచీ ఎక్కించిన శిష్యుడు. వెళ్ళాను. విప్పిన ఇంజను ముందు ముక్కాలిపీట వేసి కూర్చోబెట్టి, అర్ధచంద్రాకారపు రేకు ఒకటి నా అరచేతిలో పెట్టాడు. అది బేరింగట. పైన నున్నగా ఉండవలసిన పూత గీసుకుపోయి, లోపలి రాగి రంగు బయటపడి ఉంది.

"నీళ్ళ ముల్లు మధ్యలోనే ఉందంటాడు, మరి ఇదేమిటి?" అన్నాను. అప్పుడు వాడు నాకు పాఠం చెప్పాడు. రేడియేటరు నీళ్ళను థర్మోస్టాటు 90 డిగ్రీల దరిదాపుల్లో పట్టి ఉంచుతుంది. నూనెకు ఆ కాపలా లేదు. బెంజి సర్కిలు రద్దీలో తిరిగినంతకాలం నూనె కూడా నూరు లోపలో, ఆ చుట్టుపక్కలో ఉంటుంది. కానీ పది నిమిషాలపాటు ఇంజనును చివరికంటా అరిపిస్తే, నీళ్ళ ముల్లు కదలకుండానే నూనె 130 దాటుతుంది, 140కీ పోతుంది. అంత వేడిలో నూనె పలచబడి, తిరిగే ఇనుముకూ బేరింగుకూ మధ్య ఉండే సన్నని పొర తెగుతుంది. నూనె కూడా త్వరగా చెడుతుంది. వేడి పది డిగ్రీలు పెరిగిన కొద్దీ ఆ చెడడం ఇంచుమించు రెట్టింపవుతుందని లెక్క. దీనికి తోడు మలుపుల్లో నూనె ఒక పక్కకు ఒరిగిపోతే, పీల్చే గొట్టం నూనెకు బదులు గాలిని పీలుస్తుంది.

ఇంటికి వచ్చి ఆ రాత్రి నిద్రపట్టక నిఘంటువు తీశాను (పాత అలవాటు, క్షమించాలి). సంస్కృతంలో స్నేహమంటే చెలిమీ, నూనే కూడా. మన నెయ్యికీ నెయ్యానికీ అదే చుట్టరికం. నువ్వుల నెయ్యే నూనె. ఈ సంగతి ఎన్ని తరగతుల్లో చెప్పానో! వాడితో నేను మాట్లాడి అప్పటికి నాలుగు నెలలు. తల్లి మాసికాలకు వచ్చినప్పుడు కూడా ముక్తసరిగానే ఉన్నాం.

ఫోను చేశాను. తిట్టలేదు. "ఆయిల్ కూలరు పెట్టించమంటున్నాడు, డబ్బు నేనిస్తాను" అన్నాను. అవతల కాసేపు మాట లేదు. తరువాత, "థర్మోస్టాటు ఉన్నది పెట్టమనండి నాన్నా" అన్నాడు. అది లేకపోతే చలికాలపు ఉదయాల్లో నూనె వేడెక్కదట. వేడెక్కని నూనెలో చేరిన చెమ్మా, పెట్రోలూ ఆవిరై పోవు. అతిశీతలమూ దోషమేనన్నమాట. నూనె తొట్టిలో అడ్డురేకులు వేయించాం. నూనెనూ 5డబ్ల్యూ-40కి మార్చాం. అందులో డబ్ల్యూ అంటే చలికాలమని తెలిసి పండితుడికి మహదానందం కలిగింది. నూనె కొలత పై గీతకు చేరువగా ఉండాలి, గీత దాటితే మాత్రం తిరిగే కడ్డీ దాన్ని చిలికి నురుగు చేస్తుంది.

ఆ తరువాతి ట్రాక్ డేకి నన్నూ రమ్మన్నాడు. నాకొక ఉద్యోగం ఇచ్చాడు. ప్రతి విడత చివరా వాడు చెప్పే అంకెలను నోటు పుస్తకంలో ఎక్కించాలి. హాజరుపట్టీ వేసిన చేయి కదా, ఎర్ర సిరాతో గీతలు గీసి గడులు కట్టాను. మొదటి విడత: నీళ్ళు 92, నూనె 116. రెండవది: నీళ్ళు 94, నూనె 124. వేగపు చుట్లు అయిదు తిరిగాక ఒక చుట్టు నెమ్మదిగా తిరిగి రావాలి, గాలికి అన్నీ చల్లబడతాయి. ఆగాక బానెటు ఎత్తిపెట్టాలి, చేతి బ్రేకు వేయకూడదు. ఇవన్నీ నాకు నోటికి వచ్చేశాయి.

మూడవ విడత మధ్యాహ్నం రెండింటికి. ఎండ మండిపోతోంది. "130 దాటితే?" అన్నాను. "దాటనివ్వను" అన్నాడు. వాడి మాటల మీద నాకు అప్పటికి పెద్ద నమ్మకం లేదు. గోడ పక్కన నిలబడి వింటున్నాను. మూడు చుట్లు అదే గర్జన. నాలుగో చుట్టులో, ఎదుటి తిన్నని బాట మీద, ఆ గొంతు ఒక్కసారిగా తగ్గింది. గుండె జారింది. కారు మెల్లగా, మామూలు బండిలా నా ముందు నుంచి వెళ్ళింది. లోపలి నుంచి చెయ్యి ఊపాడు.

వచ్చాక, "ఎంత?" అన్నాను.

"128. ఇంక చాలనుకున్నాను."

రాశాను. నాలుగో విడతకు వెళ్ళలేదు. హైదరాబాదులో 2023లో జరిగిన ఫార్ములా-ఈ పందెంలో పరుగెత్తినవి విద్యుత్తు బళ్ళు కనుక ఈ ఇంజను నూనె బాధే లేదని దారిలో చెప్పుకొచ్చాడు. నాకెందుకో ఆ బళ్ళ మీద ఆసక్తి కలగలేదు.

ఆ రాత్రే బెజవాడకు బయలుదేరాం. ఒంగోలు దగ్గర టీకి ఆగినప్పుడు చూశాను, నూనె 93. "ఇది కూడా రాయనా?" అన్నాను.

"రాయండి నాన్నా. తేదీ కూడా వెయ్యండి" అన్నాడు.