జువ్వలదిన్నెలో ఒక రాత్రి

ఇరవై యేళ్ళుగా కావలిలో ఉద్యోగం చేస్తున్నా, జువ్వలదిన్నెలో ఒక రాత్రి గడిపే అవకాశం నాకు మొన్నటిదాకా రాలేదు. వచ్చింది కూడా దెయ్యాల సినిమాల పుణ్యమా అని. నవ్వకండి, జరిగిన సంగతే చెబుతాను.

మా కాలేజీలో బి.యస్సీ. ఆఖరు సంవత్సరం చదువుతున్న కుర్రవాడొకడు ఆ వూరివాడు. మార్కులు మంచివే, నడవడికి వంక పెట్టడానికి లేదు. ఒకనాడు వాళ్ళమ్మ, చేపలమ్మిన ఖాళీ గంపతోనే, నన్ను వెతుక్కొంటూ కాలేజీకి వచ్చింది.

"సారూ, మావోడు రేత్రిళ్ళు పుస్తకం మూసి, లైటార్పి, చెవుల్లో ఆ తీగలు పెట్టుకొని దెయ్యాల సినిమాలు చూస్తన్నాడు. సినిమా లేకపోతే ఆ యేడుపు పాటలే యింటన్నాడు. యెవురన్నా యేమన్నా చేసినారేమో! వాళ్ళ నాయనైతే చదువు చాలించి బోటెక్కమంటన్నాడు. మీరొక మాట చెప్పండి" అన్నది.

పరీక్షలు రెండు నెలల్లో వున్నాయి. ఒకసారి బోటెక్కిన కుర్రవాడు మళ్ళీ పుస్తకం పట్టడం అరుదు. శనివారం సాయంత్రం వస్తానని ఆమెకు మాట యిచ్చాను.

కావలినుంచి దక్షిణంగా, ఒకప్పుడు ఆవిరి యింజన్ల షెడ్డుకు పేరుపడ్డ బిట్రగుంట వైపు వచ్చి, అక్కడ తూర్పుకు తిరగాలి. కొంతదూరం పోయేసరికి గాలి వాసనే మారిపోతుంది. రొయ్యల గుంటలు, ఉప్పు మడులు, వాటి మధ్య బకింగ్‌హాం కాలువ. 1877-78 కరువులో కూలిజనానికి పని కల్పించడానికి తవ్వకం సాగించిన కాలువ యిది. ఆనాటి మద్రాసు గవర్నరు పేరే దానికి నిలిచిపోయింది. ఒకప్పుడు ఉప్పూ, వంటచెరకూ దీనిమీదనే పడవల్లో మద్రాసు చేరేవి. ఇప్పుడు కొంగలు తీరికగా నిలబడి వున్నాయి.

ఊరి పేరులో జువ్విచెట్లూ వున్నాయి, దిన్నే వున్నది. తెలుగు పంతుల్ని కదా, చెట్లకోసం చూచాను. కనబడ్డవి మాత్రం బోట్లు. 2024లో ప్రారంభమైన ఫిషింగ్ హార్బరు తాలూకు రాళ్ళకట్టలు సముద్రంలోకి చేతులు చాచినట్లు వున్నాయి.

నేను వెళ్ళేసరికి యింటాయన వేటకు పోయివున్నాడు. వేట అంటే అక్కడ చేపలవేటే. ముసలవ్వ అరుగుమీద కూర్చుని వల బాగుచేస్తున్నది. ఆ రాత్రి నాకు మామిడికాయ వేసిన చేపల పులుసుతో భోజనం పెట్టారు. నెల్లూరి చేపల పులుసును గురించి వ్రాయడం మొదలుపెడితే అసలు సంగతి వెనుకబడుతుంది గనుక వ్రాయను.

భోజనాలయ్యాక కుర్రవాడూ నేనూ మిద్దె యెక్కాము. నేను మందలింపుకు గొంతు సవరించుకొంటున్నాను. ఇంతలో వాడే, "సార్, ఒక్క నిమిషం యిది చూడండి" అని ఫోను నా చేతికిచ్చాడు. 2022లో వచ్చిన 'మసూద'లో ఒక ఘట్టం. శబ్దం లేకుండా చూపించాడు. ఒక మనిషి చీకట్లో మెల్లగా నడుస్తున్నాడు, అంతే. భయమూ లేదు, గియమూ లేదు. తర్వాత నన్ను కళ్ళు మూసుకోమని, తీగలు నా చెవుల్లో పెట్టి, అదే ఘట్టం వినిపించాడు. సిగ్గు విడిచి చెబుతున్నాను, మిద్దె మెట్లవైపు ఒకసారి తిరిగి చూచాను.

"భయమంతా చెవిలోనే వుంది సార్" అన్నాడు వాడు గెలిచినట్లు. 1960 నాటి హిచ్‌కాక్ 'సైకో' సంగతి కూడా చెప్పాడు. బెర్నార్డ్ హెర్మన్ ఆ చిత్రానికి తీగవాద్యాలు తప్ప మరొకటి వాడలేదట. డోళ్ళు లేవు, బాకాలు లేవు. ఆ వాద్యాలతోనే లోకాన్ని హడలగొట్టాడు.

నేను మాత్రం తక్కువ తిన్నానా? 1992లో రాంగోపాల్ వర్మ 'రాత్రి' వచ్చినప్పుడు నేను హైస్కూలు కుర్రవాణ్ణి. ఆ సినిమా చూచాక వారం రోజులు పెరట్లోకి ఒంటరిగా వెళ్ళలేదు. అయినా డబ్బులు కూడబెట్టి రెండోసారి చూచాను. ఆ సంగతి ఒప్పుకొనేసరికి నా మందలింపు సగం నీరుకారిపోయింది.

"ఇంతకూ యెందుకయ్యా యీ భయాలు?" అని అడిగాను.

వాడు సముద్రంవైపు చూచాడు. దూరాన రెండు మూడు దీపాలు మినుకుమంటున్నాయి. "లెక్కలు చేసి చేసి తల మొద్దుబారినప్పుడు ఒక గంట చూస్తాను సార్. నాయన వేటకు పోయిన రాత్రి యెటూ నిద్ర పట్టదు. ఆ భయాన్ని ఆపడం నా చేతుల్లో లేదు. ఈ భయాన్నయితే మీట నొక్కి ఆపేయగలను."

ఏటా క్లాసులో రసాలు పాఠం చెబుతాను. భరతుడు చెప్పిన యెనిమిది రసాల్లో భయానకం ఒకటి. దాని వర్ణం నలుపు, అధిదేవత కాలుడు. లోకంలో భయం మనిషిని పరుగెత్తిస్తుంది. కావ్యంలో భయం కూర్చోబెడుతుంది. మన నెల్లూరి తిక్కన్నగారే సౌప్తికపర్వం తెనిగించారు కదా! యుద్ధం ముగిసిన రాత్రి, మఱ్ఱిచెట్టుమీద నిద్రపోతున్న కాకులను గుడ్లగూబ చంపుతుంటే అశ్వత్థామ చూస్తాడు. అంతకంటే చీకటి ఘట్టం యే సినిమాలో వున్నది? దానిని చదివినవాణ్ణి మనం పండితుడంటాం. సినిమా చూచినవాడికి తాయెత్తు కట్టిస్తాం.

"అది సరే, చీకట్లో, చెవుల్లో తీగలతో, దొంగతనంగా చూడడమెందుకు?" అన్నాను.

వాడు వెంటనే బదులు చెప్పలేదు. తర్వాత గొంతు తగ్గించి, "అవ్వకోసం సార్" అన్నాడు.

1989 నవంబరులో పెద్ద తుపాను వచ్చింది. థాయిలాండు దగ్గర పుట్టి, మలయా ద్వీపకల్పం దాటి, బంగాళాఖాతంలో బలిసి, కావలి దగ్గర తీరం దాటింది. కావలి తుపాను అనే పేరుంది దానికి. ఆ రాత్రి అవ్వ పిల్లలను మంచం కిందికి తోసి, తెల్లవార్లూ తలుపుకు వీపు ఆనించి నిలబడిందట. తెల్లవారి చూస్తే కప్పు లేదు, తెప్ప లేదు. మంచం కింద దాక్కొన్న పిల్లల్లో యీ కుర్రవాడి తండ్రి ఒకడు.

ఆరు నెలల కింద వీడు టీవీలో ఒక దెయ్యాల సినిమా చూస్తుంటే అందులో గాలి వూళ వేసింది. నిద్రలో వున్న అవ్వ లేచి, మాట్లాడకుండా వెళ్ళి, తలుపుకు వీపు ఆనించి నిలబడింది. ఆనాటినుంచి వీడు లైటార్పి, తీగలు పెట్టుకొని చూస్తున్నాడు.

"మీ అమ్మకు చెప్పకపోయినావా?"

"చెబితే అవ్వ చిన్నబుచ్చుకొంటుంది సార్."

పొద్దున్నే అవ్వ దగ్గర కూర్చుని, దెయ్యాలంటే భయమా అని మాటవరుసకు అడిగాను. "దెయ్యాలకేముంది నాయనా, పాపం చచ్చినోళ్ళు. నాకు గాలే పడదు" అన్నది, వల విదిలిస్తూ.

వాళ్ళమ్మకు మాత్రం వంటింటి గుమ్మం దగ్గర అంతా చెప్పాను. ఆమె పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకొని చాలాసేపు నిలబడిపోయింది. తాయెత్తు మాట మళ్ళీ యెత్తలేదు.

ఎనిమిది గంటలకు యింటాయన వేటనుంచి వచ్చాడు. భార్య పక్కకు పిలిచి యేదో చెప్పింది. ఆయన కాళ్ళు కడుక్కొని, కొడుకును పైనుంచి కిందికి చూచి, "పరీక్షలయిందాకా చదువుకోనీ. బోటు యాడికీ పోదులే" అన్నాడు.

నేను బస్సెక్కేటప్పుడు కుర్రవాడు నా సంచి అందిస్తూ, "సార్, ఆ కాకులూ గుడ్లగూబా వున్న పుస్తకం మన లైబ్రరీలో దొరుకుతుందా?" అని అడిగాడు.

సోమవారం నేనే తీసి వుంచాను.