మండుటెండలో టర్బో కారు

టర్బోచార్జర్ ఉన్న కారు కొన్న సహోద్యోగులు వేసవి రాగానే మమ్మల్ని తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటున్నది: ఉదయం గుర్రంలా పరుగెత్తిన బండి మధ్యాహ్నం అయ్యేసరికి ఎందుకు ఈడిగిలపడుతున్నది? గ్యాస్ టర్బైన్ల నిర్వహణలో మూడు దశాబ్దాలు గడిపిన మాకు ఇది కొత్త ప్రశ్న కాదు. మా యంత్రాల సామర్థ్యాన్ని 15 డిగ్రీల సెల్సియస్ గాలికి లెక్కగట్టి చెబుతారు. బయట 40 డిగ్రీలు దాటిన రోజున అదే యంత్రం సుమారు ఆరో వంతు తక్కువ శక్తినిస్తుంది. కంట్రోల్ రూములో దానిని ఎవరూ లోపంగా నమోదు చేయరు. ఎండ తగ్గితే శక్తి తిరిగి వస్తుందని అందరికీ తెలుసు. కారు కేటలాగులో అచ్చయ్యే అశ్వశక్తి కూడా 25 డిగ్రీల గాలికి సరిచూసిన అంకెయే. కాని ఆ మాట కొనేవారికి చెప్పేవారు అరుదు.

సైకిలు ట్యూబులో గాలి కొట్టినవారందరికీ పంపు అడుగుభాగం వేడెక్కడం అనుభవమే. టర్బోచార్జర్‌లోని కంప్రెసర్‌లోనూ జరిగేది అదే. 40 డిగ్రీల గాలిని తీసుకుని దాని పీడనాన్ని రెట్టింపు చేశామనుకుందాం. కంప్రెసర్ దక్షత 70 శాతమైతే బయటికి వచ్చే గాలి సుమారు 138 డిగ్రీల వద్ద ఉంటుంది. పీడనం రెట్టింపైనా, వేడికి వ్యాకోచించిన కారణంగా సిలిండరులోకి చేరే గాలి ద్రవ్యరాశి ఒకటిన్నర రెట్లకు మించదు. అందుకే మధ్యలో ఇంటర్‌కూలర్ పెడతారు. అది ఈ గాలిని 60 డిగ్రీలకు దింపగలిగితే ద్రవ్యరాశి దాదాపు 1.9 రెట్లకు చేరుతుంది. ఇంజను మండించగల ఇంధనం గాలి ద్రవ్యరాశిని బట్టి ఉంటుంది కనుక, కారు పరుగులో ఈ చిన్న రేడియేటరు పాత్ర ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

పెట్రోలు ఇంజనుకు మరొక చిక్కున్నది. వేడిగాలి, పెట్రోలు కలిసిన మిశ్రమం జ్వాల తన దగ్గరకు చేరకముందే తనంత తానుగా భగ్గుమంటుంది. దీనినే నాకింగ్ అంటారు. అది పిస్టన్లను దెబ్బతీస్తుంది. అమెరికాలో 1962లో వచ్చిన ఓల్డ్స్‌మొబైల్ జెట్‌ఫైర్ కారు నిర్మాతలు ఈ చిక్కును తప్పించడానికి, శుద్ధజలమూ మిథైల్ ఆల్కహాలూ కలిపిన ద్రావకాన్ని ఇంజనులోకి చిమ్మే ఏర్పాటు చేశారు. దాని తొట్టి ఖాళీ అయితే టర్బో పీడనం దానంతట అదే తగ్గిపోయేది. చాలామంది యజమానులు తొట్టి నింపే శ్రద్ధ చూపలేదు. ఆ మోడలు 1963తో ఆగిపోయింది. మా దృష్టిలో అది యంత్రం తెలివికీ యజమాని ఓపికకూ పొత్తు కుదరని కథ.

నేటి కార్లలో తొట్టి లేదు. దాని బదులు కంప్యూటర్ ఉన్నది. గాలి వేడెక్కినా, నాకింగ్ పొడసూపినా అది స్పార్కును ఆలస్యం చేస్తుంది, టర్బో పీడనాన్ని తగ్గిస్తుంది. ఇంజను క్షేమంగా ఉంటుంది. శక్తి మాత్రం తగ్గుతుంది. ఈ తగ్గుదల ఎక్కడ ప్రమాదకరమో మాకు 2023 మే నెలలో తెలిసివచ్చింది. రోహిణీ కార్తెలో రోళ్ళు పగులుతాయంటారే, అటువంటి ఎండ. రామగుండం నుంచి మంథని వైపు ఒక మిత్రుని టర్బో పెట్రోలు కారులో ఐదుగురం వెళుతున్నాము. దారిలో ఏ.సి. ఆపకుండా పావుగంట సేపు నిలిపి, తిరిగి బయలుదేరాము. కొద్ది దూరంలోనే ఒక బొగ్గు లారీని దాటబోతే, అడుగు వేసి తొక్కినా బండి ముందుకు దూకలేదు. ఎదురుగా ఆర్.టి.సి. బస్సు వస్తున్నది. మిత్రుడు నిబ్బరం కోల్పోక వెనక్కు తగ్గి లారీ వెనుక చేరాడు. ఆ తరువాత చాలాసేపు కారులో ఎవరూ మాట్లాడలేదు.

ఆ రోజు బండిలో ఏ భాగమూ చెడిపోలేదు. నిలిచి ఉన్నప్పుడు ఎదురుగాలి లేదు. ముందున్న ఏ.సి. కండెన్సరు, రేడియేటరు విడిచిన వేడి ఇంజను గదిలోనే తిరుగుతూ ఇంటర్‌కూలరునూ గాలి గొట్టాలనూ కాల్చింది. కదిలిన తరువాత అవి చల్లబడడానికి కొంత వ్యవధి కావాలి. మిత్రుడు ఆ వ్యవధిలోనే లారీని దాటబోయాడు.

అసలు బాధ మరునాటిది. మిత్రుడు బండిని ఒక మెకానిక్‌కు చూపించగా, అతడు థర్మోస్టాట్ వాల్వును తీసి పారవేశాడు. “మన ఎండలకు ఇది ఎందుకండీ!” అన్నాడట. ఈ మాట ఎన్ని షెడ్లలో విన్నామో లెక్కలేదు. ఇంజనుకు చల్లని గాలి కావాలి, కాని చల్లని ఇంజను కాదు. కూలెంట్ 90 డిగ్రీల ప్రాంతంలో ఉంటేనే నూనె తగినంత పలుచగా ప్రవహిస్తుంది, పెట్రోలు సరిగా ఆవిరవుతుంది. చల్లని ఇంజనులో పెట్రోలు గోడలకు అంటి నూనెలోకి దిగుతుంది. ఇంజను ఇంకా వేడెక్కలేదని భావించి కంప్యూటర్ అదనంగా పెట్రోలు పోస్తుంది. మిత్రుని కారులో కొద్ది రోజులకే హెచ్చరిక దీపం వెలిగింది, మైలేజీ పడిపోయింది. మధ్యాహ్నపు నీరసం మాత్రం యథాతథం. మేము పట్టుబట్టి వాల్వును తిరిగి పెట్టించాము.

డీజిల్ కారుకు నాకింగ్ భయం ఈ విధంగా లేదు. కాని గాలి తగ్గినప్పుడు ఇంధనం తగ్గించకపోతే పొగ నల్లబడుతుంది, టర్బైనుకు తగిలే వేడి హద్దు మీరుతుంది. కనుక అక్కడా కోత తప్పదు.

చేయగలిగినది కొద్దే. ఇంటర్‌కూలరు రెక్కల మధ్య పేరుకున్న మట్టిని తక్కువ ధార నీటితో కడిగించాలి. బండి నిలిచి బయలుదేరినప్పుడు ఒకటి రెండు కిలోమీటర్లు నెమ్మదిగా పోయిన తరువాతే ఓవర్‌టేకింగ్ ఆలోచన చేయాలి. ఘాటు ఎక్కి ఆగిన వెంటనే తాళం తిప్పక, ఒక నిమిషం ఇంజనును నడవనిస్తే టర్బో బేరింగులో నూనె మాడదు. తెల్లవారుజామున చల్లగాలిలో కూడా, ఇంజను వేడెక్కిన తరువాత సైతం శక్తి రాకపోతే అది ఎండ పని కాదు. అప్పుడు టర్బో నుంచి ఇంటర్‌కూలరుకూ, అక్కడి నుంచి ఇంజనుకూ పోయే రబ్బరు గొట్టాలను గాలితో నింపి, సబ్బునీళ్ళు రాసి బుడగలు వస్తాయేమో చూడమని వర్క్‌షాపులో అడగాలి.