లింకు పెట్టడమంటే మాటివ్వడమే

పోస్టు కాస్త పెద్దదే. పొలం పని అయిపోయాక తీరిగ్గా చదవండి.

ఈమధ్య ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి అడిగారు. "అన్నా, గూగుల్లో వెతికితే నీ మామిడి పళ్లు కనపడుతున్నాయి. మాకూ అలా రావాలంటే ఎవరికి ఎంత కట్టాలి?" అని. ఒక్క ముక్కలో చెప్పాలంటే ఎవరికీ ఏమీ కట్టక్కర్లేదు. కానీ ఆ ముక్క తెలుసుకోడానికి నాకు 18 వేల రూపాయలు, ఒక సీజను, ఒక పెద్దమనిషి నమ్మకం ఖర్చయ్యాయి. దాచకుండా చెప్తాను వినండి.

పూత మీదే తోట గుత్తకిచ్చే అలవాటు మానేసి, పెట్టెలు కట్టి నేనే అమ్ముకుందామనుకున్నాను. మా మేనల్లుడు చిన్న వెబ్‌సైట్ చేసి పెట్టాడు. పెట్టగానే జనం వచ్చేస్తారనుకున్నా. ఈగ కూడా వాలలేదు. అప్పుడొకాయన ఫోన్ చేశాడు. "500 లింకులు కట్టిస్తాం, నెల రోజుల్లో గూగుల్లో మొదటి స్థానం మీదే" అన్నాడు. ఎరువులకని పక్కన పెట్టిన డబ్బు తీసి కట్టాను. నెల తర్వాత లిస్టు పంపాడు. మేనల్లుడు తెరిచి చూస్తే జూదం ఆటల సైట్లు, అప్పులిచ్చే సైట్లు, ఏ దేశం భాషో తెలియని సైట్లు. వాటిల్లో ఎక్కడో మూల నా మామిడితోట పేరు. ఆ సీజన్‌లో వచ్చినవి మూడంటే మూడు ఆర్డర్లు. అందులో రెండు మా చుట్టాలవే.

అసలు ఈ లింకుల గొడవేంటో అప్పుడు కూర్చుని తెలుసుకున్నాను. గూగుల్ పెట్టిన లారీ పేజ్, సెర్గీ బ్రిన్ అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో చదువుకునే రోజుల్లో ఒక లెక్క తయారుచేశారు. దాని పేరు పేజ్‌ర్యాంక్. 1998లో కంపెనీ పెట్టారు. ఆ లెక్క మనకి కొత్తదేం కాదు. విత్తనం ఎవరి దగ్గర తేవాలని ఊళ్లో అడిగితే, దారినపోయే పదిమంది చెప్పిన పేరు కంటే, ముప్పై ఏళ్లు సేద్యం చేసినాయన చెప్పిన ఒక్క పేరుకి విలువెక్కువ. ఒక సైటు ఇంకో సైటుకి లింకిస్తే "ఈయన దగ్గరికెళ్లు" అని చెప్పినట్టు. చెప్పేవాడికి ఎంత పరపతి ఉంటే ఆ మాటకి అంత బరువు. ఇప్పుడు గూగుల్ ఇంకా చాలా సంగతులు చూస్తుంది గానీ, లింకు కూడా లెక్కలో ఉంది.

మాటకి విలువుందని తెలిస్తే మాటలమ్ముకునేవాళ్లు పుడతారు కదా. అందుకే 2012లో పెంగ్విన్ అనే మార్పు తెచ్చి, దొంగ లింకులతో పైకొచ్చిన సైట్లని కిందకి తోశారు. నేను 18 వేలు పోసి కొన్నది అలాంటి సరుకే. ఇంకోటి గుర్తుపెట్టుకోండి. మామూలు ఫలితాల్లో పైకి తేవడానికి గూగుల్ డబ్బు తీసుకోదు. డబ్బు తీసుకుని చూపించేవి ప్రకటనలు, వాటి మీద ఆ ముక్క రాసే ఉంటుంది. మొదటి స్థానం ఖాయమని ఎవడన్నా అంటే ఫోన్ పెట్టేయండి.

మరి నాకు పనిచేసినవేంటంటే, మొదటిది మాటలు. సెర్చ్ కన్సోల్ అని గూగుల్‌దే ఉంది, ఉచితం. జనం ఏం కొట్టి మన సైటుకొచ్చారో చూపిస్తుంది. నేను "సహజసిద్ధముగా మాగిన ఫలములు" అని రాసుకున్నా. ఫలములని ఎవరు వెతుకుతారండీ? జనం "కార్బైడ్ లేని మామిడి పళ్లు" అని వెతుకుతున్నారు. తెలుగు మాటని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాటల్లోనే మార్చి రాశాను.

రెండోది, వాళ్ల అనుమానం తీర్చడం. కార్బైడ్‌తో మాగబెట్టడం నిషేధమని, ఎథిలీన్ గ్యాస్‌ని 100 పీపీఎం వరకు అనుమతిస్తారని, మేము గడ్డిలో ఎలా మాగేస్తామో ఫొటోలతో సహా రాశాను. మూడోది, గూగుల్ మ్యాపులో తోట పేరు, ఫోన్ నంబరు పెట్టడం. దానికీ డబ్బు లేదు.

ఇక లింకులు వాటంతటవే వచ్చాయి. పళ్లు తిన్న ఒక టీచరమ్మ తన సైట్లో రాసింది. హైదరాబాద్‌లో ఒక కాలనీ సంఘం వాళ్లు తమ పేజీలో పెట్టారు. వచ్చినవి ఐదారే. ఆ 500 చెయ్యని పని ఇవి చేశాయి. రెండు సీజన్లు పట్టింది.

ఇంతవరకూ బాగానే ఉంది. చెప్పడానికి సిగ్గుపడేది ఇప్పుడు.

మన పేజీ నాలుగు ఊళ్లకి తెలిశాక ఇంకో ఫోనొచ్చింది. "తేనెమంచు పురుగు గురించి మీరు రాసినదాని కింద మా బయో మందు లింకు పెట్టండి, 6 వేలిస్తాం" అన్నారు. పెట్టాను. ఆ మందు నా తోటలో ఒక్క చుక్క కొట్టింది లేదు. పక్క తోట బాబాయ్ వాళ్లబ్బాయి అది చదివి తెప్పించి, నాలుగెకరాలకీ కొట్టారు. పురుగు పోలేదు. మళ్లీ మంచి మందు కొట్టేలోపు పూతంతా మసి పట్టి నల్లబడి రాలిపోయింది. బాబాయ్ అరవలేదు, తిట్టలేదు. "నువ్వు రాశావు కదరా అని తెచ్చాను" అన్నాడంతే.

ఆ రాత్రే లింకు తీసేశాను. జరిగిందంతా ఆ వ్యాసం పైనే రాసిపెట్టాను. 6 వేలు పట్టుకెళ్తే బాబాయ్ తీసుకోలేదు.

డబ్బు తీసుకున్న లింకుకి కోడ్‌లో "స్పాన్సర్డ్" అనో "నోఫాలో" అనో గుర్తు పెట్టాలని గూగుల్ నియమం ఉంది. కానీ కోడ్‌లో గుర్తు గూగుల్‌కి తెలుస్తుంది, చదివే రైతుకి కనపడదు. డబ్బు తీసుకున్నామని మనమే తెలుగులో రాసి చెప్పాలి. నేనైతే అసలు తీసుకోవడమే మానేశాను. నా తోటలో వాడి, ఫలితం చూసినదానికే లింకిస్తాను. నన్ను మోసం చేసినాయన దొంగ మాటలమ్మాడని ఊరంతా చెప్పుకున్నాను. తర్వాత నేను చేసిందీ అదే పని. పైగా నాది మీరంతా నమ్మిన మాట, కాబట్టి నష్టం ఇంకా ఎక్కువ.

సైటు పెట్టాలనుకునేవాళ్లు ఆదివారం పొద్దున్న మా తోటకి రండి. సెర్చ్ కన్సోల్, మ్యాపు పెట్టుకోవడం నేను చూపిస్తాను, ఖర్చేం లేదు. మీ పళ్లు తిన్నవాళ్లని రెండు ముక్కలు రాయమని మొహమాటపడకుండా అడగండి.

బాబాయ్ ఇప్పుడు మళ్లీ నాతో మాట్లాడుతున్నాడు. వానల గురించి, రేట్ల గురించి మాట్లాడుకుంటాం. ఏ మందు కొట్టాలని మాత్రం నన్నడగట్లేదు.