ఆపరేషన్ అయ్యాక పెదనాన్న ఏం తింటాడు?



మా పెదనాన్నకి అన్నవాహిక క్యాన్సర్. వచ్చే నెల ఆపరేషన్. ఇంట్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు కాబట్టి డాక్టరు మాటలు విప్పి చెప్పే పని మా మీద పడింది. అందరూ అడిగేది "బతుకుతాడా?" అని. పెదనాన్న అడిగేది "మళ్ళీ కొండెక్కగలనా? అంబలి తాగగలనా?" అని.

హాస్టల్లో కూర్చుని చదివాం. జబ్బు పట్టిన గొట్టం తీసేసి, కడుపు సంచినే గొట్టంలా చేసి పైకి లాగి కలుపుతారట. పాత పద్ధతిలో ఛాతీ, పొట్ట పెద్దగా కోస్తారు. కొత్తదాంట్లో చిన్న రంధ్రాలు పెట్టి కెమెరాతో చేస్తారు. 2012లో లాన్సెట్ పత్రికలో వచ్చిన యూరప్ పరిశోధనలో 115 మందిని రెండు జట్లు చేసి చూశారు. మొదటి రెండు వారాల్లో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ పెద్ద కోత వాళ్ళలో 29 శాతం, రంధ్రాల వాళ్ళలో 9 శాతం. ఏడాది తర్వాత కూడా రంధ్రాల జట్టుకే నొప్పి తక్కువ, ఒంట్లో ఓపిక ఎక్కువ.

కానీ కోత ఏదైనా లోపల జరిగేది ఒకటే. కొంచెం కొంచెంగా ఐదారుసార్లు తినాలి. తిన్నవెంటనే పడుకోకూడదు, తలవైపు ఎత్తు పెట్టుకోవాలి. మన ఇళ్ళల్లో పొద్దున్నే చెంబుడు అంబలి తాగి పోడుకి పోతే మళ్ళీ సాయంత్రమే తిండి. అంటే మారాల్సింది ఆయనొక్కడే కాదు, ఇల్లంతా.

రంధ్రాల పద్ధతి అందరికీ కుదరదు, చెయ్యి తిరిగిన సర్జన్ కావాలి. అయినా అడగడం మన హక్కు. ఏ పద్ధతిలో చేస్తారు? ఇంటికొచ్చాక ఎలా తినాలి? ఈ రెండూ అడక్కుండా సంతకం పెట్టకండి.

మీ ఊళ్ళో ఎవరికైనా ఈ ఆపరేషన్ అయ్యుంటే వాళ్ళిప్పుడు ఏం తింటున్నారో రాయండి. మాకు కావాల్సింది అదే.